థీసిస్ సంతకం అయ్యేదాకా ఆగొద్దు: మెడికల్ కాలేజీలో ఫిర్యాదు ఇచ్చే ముందు జాగ్రత్తలు

పోయిన నెల రాత్రి పదకొండింటికి నా పాత స్టూడెంట్ ఫోన్ చేసింది. మన జిల్లాల్లోనే ఒక కాలేజీలో పీజీ చివరి సంవత్సరం. థీసిస్ గైడ్ మీద ఇచ్చిన లైంగిక వేధింపు ఫిర్యాదును కాలేజీ అంతర్గత కమిటీ తీసుకోలేదట. అబద్ధమని కాదు, ఆలస్యమైందని. చివరిసారి జరిగింది వినాయక చవితికి ముందు. కాగితం ఇచ్చింది ఉగాది దాటాక. అన్ని నెలలు ఎందుకు ఆగావమ్మా అంటే, "థీసిస్ మీద సంతకం పడ్డాక ఇద్దామనుకున్నా మేడం" అంది. సంతకం పడింది. గడువు పోయింది.

నేను ఇరవై ఏళ్ళు పాథాలజీ చెప్పాను. కొన్నేళ్ళు ఇలాంటి కమిటీలో కూర్చున్నాను కూడా. నా కళ్ళ ముందు ఓడిపోయిన ఆడవాళ్ళలో ఎక్కువమంది సాక్ష్యం లేక ఓడిపోలేదు, ఆగి ఓడిపోయారు. ఒంటరిగా డ్యూటీ రూమ్‌లో పడుకోకు, గడియ పెట్టుకో లాంటివి 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆస్పత్రిలో పీజీ డాక్టరు మీద జరిగిన అత్యాచారం, హత్య తర్వాత ఊరంతా చెప్పింది. అవి మళ్ళీ రాయను.

ముందు గడువు సంగతి

పని చోట ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపులను ఆపడానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం చివరి సంఘటన జరిగిన మూడు నెలల్లోపు కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. అంతే, ఆ తర్వాత తలుపు మూసుకుంటుంది. కోల్‌కతాలోని ఒక న్యాయ విశ్వవిద్యాలయంలో వేధింపు ఫిర్యాదు చేసిన అధ్యాపకురాలి కేసు చూడండి. చివరి సంఘటన 2023 ఏప్రిల్, ఫిర్యాదు అదే ఏడాది డిసెంబరు. మధ్యలో తనను ఒక పదవి నుంచి తీసేశారు, అది కూడా వేధింపులో భాగమే కాబట్టి గడువు అక్కడి నుంచి లెక్కపెట్టాలని ఆమె వాదించింది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పదవి తీసేయడం వేరే పాలనా నిర్ణయం అంది. ఆ తీర్పును నిందితుడి బయోడేటాలో చేర్చమని మాత్రం చెప్పింది. దానితో ఆమెకు విచారణ రాలేదు కదా.

ఇందులో మనకు కావలసింది ఒకటే. తర్వాత సాధించిన కక్ష మీ గడువును పొడిగిస్తుందని నమ్ముకోవద్దు. పరీక్షలయ్యాక చూద్దాం అనొద్దు.

ఆ మాట ఎందుకొస్తుందో నాకు తెలుసు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో 2022లో సర్కారు కాలేజీలు వచ్చాయి. కొత్త కాలేజీలో కొన్ని డిపార్ట్‌మెంట్లంటే నలుగురైదుగురు మనుషులు. గైడ్, రోస్టర్ వేసేవాడు, సెలవు ఇచ్చేవాడు, ప్రాక్టికల్స్‌లో ఎదురుగా కూర్చునేవాడు ఒక్కడే కావచ్చు. భయం ఉత్తది కాదు. కానీ ఆ భయానికి మందు చట్టంలోనే ఉంది, అడిగేవాళ్ళు తక్కువ.

విచారణ నడిచేటప్పుడు ఏం అడగాలి

ఫిర్యాదుతో పాటే ఇంకో కాగితం పెట్టండి. విచారణ పూర్తయ్యేదాకా అతను మీ పనితీరు మీద రిపోర్టు రాయకూడదనీ, మీ చదువుకు సంబంధించిన పర్యవేక్షణ చేయకూడదనీ, అంటే గైడ్‌గా ఉండకూడదనీ కమిటీ సిఫారసు చేయవచ్చు. ఆ చట్టం కింద వచ్చిన 2013 నిబంధనల్లో 8వది ఇదే. మామూలు సెలవులకు అదనంగా మూడు నెలల వరకు సెలవు అడగవచ్చు. బదిలీ చేయాల్సి వస్తే మిమ్మల్నే కాదు, అతన్ని కూడా చేయవచ్చు. "అమ్మా, నువ్వే కొన్నాళ్ళు వేరే యూనిట్‌కు పో" అని ఎవరైనా మెల్లగా అంటే, ఆ మాట కాగితం మీద ఇవ్వమనండి. ఇవి మీరు రాతలో అడిగితేనే వస్తాయి, వాళ్ళంతట వాళ్ళు ఇవ్వగా నేను చూడలేదు.

ఇంకొకటి, ఇక్కడ చాలామంది తికమక పడతారు. వేధింపు వేరు, వివక్ష వేరు. "ఆడపిల్లవు, నీకు సర్జరీ ఎందుకు" అని ఓటీలో (ఆపరేషన్ థియేటర్‌లో) కేసులు ఇవ్వకపోవడం, గర్భిణి అని కాంట్రాక్టు పొడిగించకపోవడం లాంటివి లైంగిక వేధింపుల కమిటీ ముందు నిలబడవు. ఇవి ప్రిన్సిపాల్‌కు, పైన డీఎంఈకి (వైద్య విద్యా సంచాలకులకు), తప్పకపోతే హైకోర్టుకు. రెండూ జరిగితే రెండు ఫిర్యాదులు రాయండి. వేధింపుకు లొంగలేదనే ఓటీ పీకేశారంటే మాత్రం ఆ సంబంధాన్ని వేధింపు ఫిర్యాదులోనే తేదీలతో రాయండి. ప్రసూతి విషయంలో ఒక తీర్పు గుర్తుపెట్టుకోండి. ఢిల్లీలో పాథాలజీ సీనియర్ రెసిడెంట్‌గా కాంట్రాక్టు మీద పనిచేసిన డాక్టరు కేసులో, కాంట్రాక్టు అయిపోయినా ప్రసూతి ప్రయోజనాలు ఇవ్వాల్సిందేనని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. "మీది కాంట్రాక్టే కదా మేడం" అనే క్లర్కుకు ఆ తీర్పు జిరాక్స్ చూపించండి.

అమెరికాలో రెసిడెన్సీ చేస్తున్న పిల్లలు మన నల్లగొండ ఇళ్ళల్లో తక్కువేం లేరు. అక్కడ 1964 పౌర హక్కుల చట్టం కింద, ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధిస్తే దాని మీదే వేరే ఫిర్యాదు వేయవచ్చు. గడువు 180 రోజులు, చాలా రాష్ట్రాల్లో 300. మన 2013 చట్టంలో కక్ష సాధింపుకని విడిగా సెక్షన్ లేదు. అందుకే ఇక్కడ ఫిర్యాదు ముందు, కక్ష తర్వాత అని తేదీలతో చూపించాల్సింది మీరే. నోటితో చెప్పిన ఫిర్యాదుకు తేదీ ఉండదు.

హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) మేడంకు చెప్పాను, ఆమె చూసుకుంటానన్నారు అంటారు. చూసుకోరు. చూసుకున్నా మీ మూడు నెలలు ఆగవు.

ఇక వరసగా రాస్తాను, కలిపి చదువుకోండి.

ఫిర్యాదు ఆరు కాపీలు. సాక్షుల పేర్లు, చిరునామాలు దాంట్లోనే.

ఏడో కాపీ మీది. దాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, స్టాంపు వేయించుకోండి. వేయనంటే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

ప్రిన్సిపాల్ మీదే ఫిర్యాదైతే జిల్లా లోకల్ కమిటీకి ఇవ్వండి. కలెక్టరేట్‌లో అడిగితే చెప్తారు.

ఛాంబర్‌లో కూర్చోబెట్టి రాయించే రాజీ కాగితం మీద సంతకం చేయొద్దు. రాజీ మీరు అడిగితేనే, కమిటీ ద్వారానే, అదీ డబ్బుతో కాదు. ఒకసారి రాజీ కుదిరితే ఇక విచారణ ఉండదు.

రాజీనామా చేయొద్దు.

ఫోన్ మార్చొద్దు, అమ్మొద్దు, రీసెట్ చేయొద్దు. స్క్రీన్‌షాట్ చాలదు, అసలు మెసేజ్ ఉన్న ఫోన్ కావాలి. మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఉంటే ఇప్పుడే తీసేయండి.

డ్యూటీ రోస్టర్ ఫొటో ప్రతి నెలా తీయండి. ఫిర్యాదుకు ముందు ఎన్ని నైట్లు, తర్వాత ఎన్ని నైట్లు అన్నది మీ మాట కంటే గట్టిగా మాట్లాడుతుంది.

కేస్ షీట్లు, రోగుల పేర్లున్న కాగితాలు ఫొటో తీయొద్దు. ఎదురు చర్యకు అదొక్కటి చాలు.

మీరు చేసిన పని రాసుకునే లాగ్‌బుక్ మీద అతను సంతకం పెట్టకపోతే "ఈ తేదీన మీ ముందు పెట్టాను" అని మెయిల్ చేయండి, సొంత మెయిల్ నుంచి. మెమో వస్తే గడువులోగా రాతలోనే జవాబివ్వండి. వెళ్ళి ఏడవొద్దు.

బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క రాయొద్దు. ఫిర్యాదు వివరాలు గోప్యంగా ఉంచాలనేది చట్టం.

నిరూపించలేకపోతే తప్పుడు ఫిర్యాదని మీ మీదే చర్య తీసుకుంటారని బెదిరిస్తారు. నిరూపించలేకపోవడం ఒక్కటే దానికి కారణం కాదని అదే చట్టంలో 14వ సెక్షన్ చెప్తుంది.

విచారణకు 90 రోజులు. దాటితే గుర్తుచేస్తూ ఉత్తరం రాయండి, మళ్ళీ స్టాంపు వేయించుకోండి.

కమిటీ గడువు పోయినా పోలీసుల దారి మూసుకుపోదు. భారతీయ న్యాయ సంహితలో 75వ సెక్షన్ లైంగిక వేధింపుకు, 78 వెంటపడటానికి. నాకు ఫోన్ చేసిన అమ్మాయిని అటే పంపాను. కమిటీతో అయ్యే పనికి ఇప్పుడు స్టేషన్ మెట్లు ఎక్కుతోంది.

తల్లిదండ్రులూ, ఇది మీకు. "పరీక్షలు అయిపోనియ్ బిడ్డా, అప్పుడు చూద్దాం" అనేది చాలాసార్లు మీరే. అనకండి. చివరిసారి ఏ తేదీన జరిగిందో అడగండి, గోడ మీది క్యాలెండర్ దించి, అక్కడి నుంచి మూడు నెలలు లెక్కపెట్టి గుండ్రం చుట్టండి.