ఊహాజీవుల బొమ్మలు, 6వ పాఠం: అది మోచేయి కాదు, మణికట్టు

ఈసారి రంగులు మొదలుపెట్టాల్సింది. కానీ 5వ పాఠంలో ఇచ్చిన రెక్కల మృగం చాలామంది దగ్గర ఒకేచోట చతికిలపడింది. ఒళ్లు బాగానే కుదిరింది. పులి నడుము, గుర్రం తొడలు, మొసలి తోక ఎవరికి తోచినట్టు వాళ్లు కలిపినా మృగం నిలబడింది. రెక్కలు మాత్రం వీపు మీద స్టిక్కర్లు అంటించినట్టున్నాయి. "భుజాల వెనక రెక్కలు గీయండి" అని ఒక్క ముక్కలో తేల్చేయడం పాఠం తప్పే. కాబట్టి ముందు రెక్క, మిగిలిన చోటులో రంగు.

డ్రాగన్ నిజమైన జంతువులా కనిపించాలంటే వేటకుక్క తల, పిల్లి కళ్లు, ముళ్లపంది చెవులు, సింహం నొసలు, తాబేలు మెడ తీసుకొమ్మని లియొనార్డో డావించి రాసిపెట్టాడు. ఆ జాబితా మెడ దగ్గరే ఆగిపోయింది. రెక్క సంగతి మనమే చూసుకోవాలి.

రెక్క వీపు మీద మొలిచే అవయవం కాదు, అది చెయ్యి. రెక్కాడితే గాని డొక్కాడదు అన్నప్పుడు ఆడేది చెయ్యే కదా! భుజం, మోచేయి, మణికట్టు, వేళ్లు అన్నీ రెక్కలో ఉన్నాయి. ఎముకల కొలతలే వేరు.

అసలు చిక్కు ఇక్కడే. రెక్కలో ముందుకు, పైకి పొడుచుకొచ్చే మలుపు ఒకటుంటుంది. బొమ్మలేసేవాళ్లు దాన్ని మోచేయి అనుకుంటారు. కాదు, అది మణికట్టు. మోచేయి తోక వైపు తిరిగి ఉంటుంది, పైకి కనపడదు. ఎందుకంటే భుజం నుంచి మణికట్టు దాకా ముందు అంచున ఒక చర్మపు మడత సాగి ఉంటుంది. మోచేతి దగ్గర పడే గుంటను అది కప్పేస్తుంది. పక్షికైనా, గబ్బిలానికైనా ఇంతే. బయటికి భుజం నుంచి మణికట్టుకు దాదాపు తిన్నని అంచే కనిపిస్తుంది కాబట్టి అదంతా ఒకే ఎముక అనుకుని, దాని చివర మోచేయి పెడతారు. అక్కణ్ణుంచి అన్నీ తప్పుతాయి. ముంజేయి గాల్లోకి పోతుంది, వేళ్లకు చోటుండదు, రెక్క ముడిస్తే కొస తోక వైపు పోవాల్సింది మెడ వైపు వస్తుంది. ఒక్క కీలు పేరు తప్పు పెట్టుకుంటే ఇంత జరుగుతుంది.

నమ్మకం కుదరకపోతే అద్దం ముందు నిలబడండి. కుడిచెయ్యి పక్కకు బారుగా చాపండి. ఇది విప్పిన రెక్క. ఇప్పుడు మోచేతిని వెనక్కి లాగి పక్కటెముకలకు ఆనించండి, పిడికిలి భుజం ముందుకు వస్తుంది. ఆ పిడికిలిని చిటికెనవేలు వైపు వంచి, వేళ్లను మోచేతి వైపు పంపడానికి చూడండి. మన మణికట్టు అంత దూరం వంగదు, పక్షిది వంగుతుంది. ముడుచుకున్న రెక్క అదే. మూడు ముక్కలు, వడ్రంగి మడత కొలబద్దలా ఒకదాని పక్కన ఒకటి. కూర్చున్న పావురం ఛాతీ పక్కన గుండ్రంగా కనిపించేది మణికట్టే.

గీసేటప్పుడు ముందు నీలం పెన్సిలుతో మూడు గీతలు, మూడు చుక్కలు. చర్మమూ ఈకలూ తర్వాత. ఒంటి పొడవు, అంటే మెడ మొదలు నుంచి తుంటి దాకా, 1 అనుకుంటే ఒక్కో రెక్క 2 నుంచి 2.5 పెట్టుకోండి. ఇది బొమ్మ కుదిరే లెక్క, జీవశాస్త్రం కాదు. ఎముకల నిష్పత్తి మారిస్తే జీవి స్వభావమే మారిపోతుంది. సముద్రం మీద తేలిపోయే ఆల్బట్రాస్‌కు దండచెయ్యి (భుజం నుంచి మోచేయి దాకా), ముంజేయి పొడుగు, రెక్కల బార 3.5 మీటర్ల దాకా వస్తుంది. గాల్లో ఒకేచోట రెపరెపలాడే హమ్మింగ్ బర్డ్ కు దండచెయ్యి చాలా పొట్టి, రెక్కలో ఎక్కువ భాగం అరచెయ్యే. మీ మృగం కొండల మీద తేలుతుందా, పొదల్లో దూసుకుపోతుందా? అది తేల్చుకున్నాకే పెన్సిలు పట్టండి.

ముందు కాళ్లు కూడా ఉన్న జీవికి రెండో జత భుజాలు కావాలి. ముందుకాలి భుజఫలకానికి కొంచెం వెనక, కొంచెం పైన ఇంకొకటి పెట్టి, ఛాతీ లోతు పెంచండి. రెక్కను కిందికి లాగే కండరం ఛాతీ ఎముక మీద ఉంటుంది. లోతులేని ఛాతీకి మహా రెక్కలు తగిలిస్తే అది ఎగరదని పిల్లలకు కూడా తెలిసిపోతుంది. నా ఓటయితే రెండు కాళ్లు, రెండు రెక్కల జీవికే. సగం తలనొప్పి అక్కడే తీరిపోతుంది.

ఈకల రెక్కకు రెండు మాటలు. కొసన ఉండే పొడుగు ఈకలు అరచేతి నుంచి వస్తాయి, చాలా పక్షులకు పది. లోపలివి ముంజేతి నుంచి. పైనుంచి చూస్తే ఒంటికి దగ్గరి ఈక పైన, బయటి ఈక దాని కింద ఉంటుంది. కింది నుంచి చూస్తే ఇది తారుమారు. వరసలు ఎలా పేర్చాలో చూడాలంటే జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ వేసిన రెక్క చిత్రం వెతకండి. అది మన పాలపిట్టకు దగ్గరి చుట్టమైన పక్షిది, వియన్నాలోని ఆల్బెర్టినా మ్యూజియంలో ఉంది.

చర్మపు రెక్కకు గబ్బిలమే గురువు. బొటనవేలు మణికట్టు దగ్గర గోరుతో విడిగా ఉంటుంది. చూపుడువేలు ముందు అంచును పట్టుకుంటుంది, నడిమివేలు కొసదాకా పోతుంది, మిగతా రెండూ చర్మాన్ని గొడుగు కమ్ముల్లా చాపుతాయి. చిటికెనవేలి నుంచి చర్మం ఒంటి పక్కగా వెనకకాలి దాకా వస్తుంది. విప్పినప్పుడు వేలికీ వేలికీ మధ్య వెనక అంచు లోపలికి వంపు తిరగాలి. బయటికి ఉబ్బితే రెక్క పరుపులా ఉంటుంది. ముడిచినప్పుడు పరదా కుచ్చిళ్లు వద్దు. ఆ చర్మానికి సాగే గుణం ఉంది, వదులైతే సన్నని ముడతలతో దగ్గరికి వస్తుంది.

ఇక రంగు, ఒకే సందర్భం: సూర్యుడు రెక్క వెనక. నీటిరంగులకు వాడే మందమైన 300 జీఎస్ఎం కాగితం మీద ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) పలుచగా ఒక పూత వేసి పూర్తిగా ఆరనివ్వండి. ఒంటికి దగ్గరి భాగాన బర్న్‌ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు) వేసి, తడి ఉండగానే కొస వైపు నీళ్లతో పలచబరచండి. మళ్లీ ఆరాక వేళ్ల ఎముకలను బర్న్‌ట్ సియెన్నా, అల్ట్రామరీన్ (ముదురు నీలం) కలిపిన ముదురు రంగుతో గీయండి. నల్లరంగు ముట్టుకోవద్దు, వెలుగు చచ్చిపోతుంది. వెలుగు దూరేది చర్మంలోంచే కాబట్టి ఎముకలు, మందమైన భుజం చీకటిగా ఉండాలి. మొదటి పూత ఆరకముందే ఎముకలు గీస్తే రంగు పాకి రెక్క మసకబారుతుంది. హెయిర్ డ్రయ్యర్ వాడేవాళ్లు దూరంగా పట్టుకోండి, దగ్గర పెడితే తడిరంగు ఒక పక్కకు తోసుకుపోతుంది.

అభ్యాసం: ఒకే జీవి, 12 ఎముకల బొమ్మలు, ఒక్కోటి 2 నిమిషాలు. పూర్తిగా విప్పిన రెక్క, కిందికి కొట్టే రెక్క, పైకి ఎత్తే రెక్క, ముడిచిన రెక్క. ఈ నాలుగూ పక్క నుంచి, ముందు నుంచి, పై నుంచి. పైకి ఎత్తేటప్పుడు మణికట్టు ముందు లేస్తుంది, వేళ్లు దగ్గరికి వస్తాయి. చాలామంది అన్ని భంగిమల్లోనూ బార్లా చాపిన రెక్కే వేస్తారు. ప్రతి బొమ్మలో మణికట్టు మీద ఎర్ర చుక్క, మోచేతి మీద నీలం చుక్క పెట్టండి. రెక్క ఒంటికి మడిచిన బొమ్మలో ఎర్ర చుక్క తోక వైపు, నీలం చుక్క తల వైపు వచ్చాయా, ఆ బొమ్మ మళ్లీ వేయాలి. తల గీయొద్దు, అది 7వ పాఠంలో.