నడిచేవాళ్లని గుద్దకుండా సైకిల్ తొక్కడం ఎలా

సైకిల్ తొక్కడం వచ్చు కదా, మళ్లీ ట్రైనింగ్ ఏంటి అంటారు చాలామంది. పడిపోకుండా తొక్కడం వేరు, జనం మధ్యలో తొక్కడం వేరండీ. సిటీలో సైకిల్ మనిషిని గుద్దే చోట్లు గమనిస్తే ఎప్పుడూ అవే ఉంటాయి, ఆగిన బస్సు ముందు నుంచి దాటేవాళ్లు, జామ్‌లో ఇరుక్కున్న కార్ల మధ్యలోంచి వచ్చేవాళ్లు, సందు మలుపులు, నడకకీ సైకిళ్లకీ కలిపి వేసిన దారులు. రోడ్డు దాటేవాళ్లలో చాలామంది బండి చప్పుడుని బట్టే అడుగేస్తారు, మన సైకిల్‌కేమో చప్పుడే ఉండదు. తప్పు వాళ్లదేగా అని వాదించొచ్చు గానీ పెద్దవయసు వాళ్లు ఒక్కసారి కిందపడి తుంటి విరిగితే ఆ వాదన ఎవరికి కావాలి.

ముందు స్పీడు లెక్క చూద్దాం. గంటకి 20 కిలోమీటర్లంటే సెకనుకి ఐదున్నర మీటర్లు. మనిషి కనబడి మన వేళ్లు బ్రేక్ నొక్కేసరికి ఒక సెకను పోయిందనుకుంటే అక్కడికే ఐదున్నర మీటర్లు అయిపోయాయి, రోడ్డు పొడిగా ఉండి బ్రేకులు బాగుంటే ఆగడానికి ఇంకో మూడు, అంటే దాదాపు 9 మీటర్లు. అదే 30లో వెళ్తుంటే 15 దాటుతుంది. అందుకే ఆగిన బస్సు పక్కనుంచి వెళ్లేటప్పుడు స్పీడు బాగా తగ్గించాలి, వాన పడుతుంటే ఇంకా.

ఇప్పుడు బ్రేక్ ప్రాక్టీస్. ఖాళీ గ్రౌండ్‌లో సుద్దతో ఒక గీత గీసి, దాని దగ్గరికి రాగానే రెండు బ్రేకులూ కలిపి నొక్కండి. ముందు బ్రేక్ నొక్కితే పల్టీ కొడతామని భయపడి వెనకదే వాడేవాళ్లు బోలెడుమంది, కానీ నిజంగా ఆపేది ముందుదే, వెనకది ఒక్కటే గట్టిగా పట్టుకుంటే చక్రం జారుతుంది తప్ప బండి తొందరగా ఆగదు. నడుముని సీటు వెనక్కి జరిపి, చేతులు గట్టిగా ఆనించి, ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా పెంచుతూ నొక్కాలి, వెనక చక్రం లేస్తున్నట్టో జారుతున్నట్టో అనిపిస్తే ముందు బ్రేక్ కాస్త వదలాలి. చేతికి అలవాటయ్యేదాకా చేయండి.

దీనికంటే కష్టమైంది నెమ్మదిగా తొక్కడం. నడిచే స్పీడులో వంకర్లు పోకుండా వెళ్లాలంటే వెనక బ్రేక్ కొద్దిగా పట్టి ఉంచి పెడల్ తొక్కుతూనే ఉండాలి, చూపు ముందు చక్రం మీద కాదు దూరంగా ఉండాలి. అది రానివాళ్లు జనంలో దిగి నడిపించుకుంటూ వెళ్లడమే నయం. అలాగే వెనక్కి తిరిగి చూసినప్పుడు హ్యాండిల్ కూడా అటే తిరగకుండా చూసుకోవాలి, లేదంటే ఎవరో అడ్డమొచ్చారని పక్కకి కోసేసి వెనకొచ్చే బండి కింద పడతాం.

బెల్ సంగతి, మీదికొచ్చాక చెవి పక్కన టింగుమని కొడితే మనిషి అదిరిపడి ఎటు దూకుతాడో తెలీదు, చాలాసార్లు మన దారిలోకే. దూరం నుంచే ఒకసారి కొట్టి స్పీడు తగ్గించండి, నడిచేవాళ్ల చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉంటే బెల్‌ని నమ్ముకోవద్దు. దాటుతున్న మనిషి ముందు నుంచి దూరిపోకండి, వెనక నుంచి వెళ్లండి, వాళ్లు ముందుకెళ్లేకొద్దీ వెనకే ఖాళీ అవుతుంది. చిన్నపిల్లలైతే ఆ రూల్ కూడా పనిచేయదు, ఆగిపోవడమే.

ఇవన్నీ ఎవరైనా దగ్గరుండి నేర్పిస్తే తొందరగా వస్తాయి. బ్రిటన్‌లో 2007 నుంచి బైకబిలిటీ అని 3 లెవెల్స్‌లో నేర్పుతున్నారు, మొదటిది ట్రాఫిక్ లేని చోట, రెండోది చిన్న రోడ్ల మీద, మూడోది రద్దీ రోడ్ల మీద. వరస కరెక్టుగా ఉంది, మనవాళ్లేమో డైరెక్టుగా మూడోదాంట్లోకి దిగుతారు.

ఇంత చేసినా గుద్దేస్తే, పడ్డవాళ్లని వెంటనే లాగి నిలబెట్టకండి, మెడకో నడుముకో దెబ్బ తగిలి ఉండొచ్చు, ట్రాఫిక్ మీదికి రాకుండా చూసి అంబులెన్స్‌కి ఫోన్ చేయండి. నాకేం కాలేదు అని లేచి వెళ్లిపోతున్నా సరే కాసేపు కూర్చోబెట్టండి, తలకి తగిలిన దెబ్బ కొన్ని గంటల తర్వాత కూడా బయటపడుతుంది, డాక్టర్‌కి చూపించుకోమని చెప్పి మీ నంబర్ ఇచ్చి రండి.