ఇంట్లో జపాన్ పాత పొట్టి కత్తి ఉంటే: విప్పి చూసే తీరు, కాపాడే పద్ధతి

పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో దసరాకు ముందు ఇంట్లోని రాగి, ఇత్తడి సామానంతా చింతపండుతో తళతళలాడేలా తోమి, ఆయుధపూజ నాడు ఇనుప పనిముట్లకు పసుపు కుంకుమలు పెట్టడం పెద్దల నాటి ఆచారం. పాత గడీ సామానులోనో, 1945లో బర్మా యుద్ధం నుంచి తిరిగివచ్చిన తాతగారి పెట్టెలోనో జపాన్ పొట్టి కత్తి ఒకటి దొరికితే, దానిని మాత్రం ఈ తోముడుకు దూరంగా ఉంచాలి. దాని వయసును, పనితనాన్ని చెప్పే ఆధారాలు చాలావరకు మనం మురికి అనుకునే నలుపులోనూ తుప్పులోనూ ఉంటాయి. పూజ మానవలసిన పని లేదు. కత్తిని ఉంచిన పీటకు బొట్టు పెడితే చాలు.

మొదట కొలవాలి. మొన నుంచి అలుగు మొదట్లో వీపు వైపు కనిపించే చిన్న మెట్టు వరకు తిన్నగా కొలిచినప్పుడు 30.3 నుంచి 60.6 సెంటీమీటర్ల మధ్య ఉంటే అది వాకిజాషి, అంతకన్నా పొట్టిదైతే టాంటో. జపాన్ యోధులైన సమురాయ్‌లు పొడవాటి కత్తికి జతగా వాకిజాషిని నడుముకు ధరించేవారు. జపాన్ ప్రభుత్వం 1876లో ఇచ్చిన ఉత్తర్వుతో బహిరంగంగా కత్తులు ధరించడం దాదాపు అందరికీ నిషిద్ధమైంది.

తరువాతి పని విప్పడం. వాదర పైకి ఉండేలా పట్టుకుని, అలుగు వీపు మాత్రమే ఒర లోపలి చెక్కను తాకేలా మెల్లగా బయటికి తీయాలి. పిడిలో అడ్డంగా దిగిన వెదురు చీలను మెకుగి అంటారు. అది ఒక కొసన సన్నగా ఉంటుంది కాబట్టి ఆ సన్నని కొస వైపు నుంచే, చీల కంటే మెత్తని పుల్లతో నెట్టాలి. పిడిని ఎడమచేత్తో కింది కొసన పట్టుకుని, అలుగును కొంచెం ఏటవాలుగా పైకి నిలిపి, కుడి పిడికిలితో ఎడమ మణికట్టు మీద సున్నితంగా తట్టితే పట్టు వదులవుతుంది. పొట్టి అలుగు ఒక్క దెబ్బకే ఎగిరి బయటపడే ప్రమాదం ఉంది గనుక తట్టడం చాలా తేలికగా మొదలుపెట్టాలి, పిల్లలను ఆ గదిలోకి రానివ్వకూడదు. ఎంతకీ కదలకపోతే అక్కడితో ఆపడమే మంచిది; సుత్తి పట్టుకుంటే పిడి చీలిపోతుంది.

పిడిలోపలికి దిగే భాగాన్ని నకాగో అంటారు. కమ్మరి తన పేరు చెక్కితే ఇక్కడే చెక్కుతాడు. దీనిపై పట్టిన ముదురు గోధుమరంగు తుప్పును బట్టి నిపుణులు కాలాన్ని అంచనా వేస్తారు కాబట్టి దానిని గీకడం గాని, నూనె రాయడం గాని అసలే చేయరాదు. గరుకు కాగితంతో తుడిచిన మరుక్షణం ఆ కత్తి చరిత్ర సగం పోయినట్టే.

ఇక నగిషీ సామాను. చేతికి అడ్డుగా ఉండే పలక త్సుబా, పిడి రెండు కొసల లోహపు తొడుగులు ఫుచి, కషిరా, పట్టు తాడు అల్లిక కింద ఇమిడిన చిన్న బొమ్మలు మెనుకి. ఆ అల్లిక అడుగున కనిపించే గరుకు తెల్లని పొర రే (స్టింగ్‌రే) జాతి చేప చర్మం. నలుపు మీద నీలి ఛాయ మెరిసే భాగాలు తరచుగా షకుడో, అంటే రాగిలో కొద్దిపాటి బంగారం కలిపిన లోహం. బూడిదరంగువి షిబుయిచి, రాగిలో వెండి కలిపినది. ఆ రంగులు కాలానికి నల్లబడి వచ్చినవి కావు, పనివారు పాళ్లు చూసి, ద్రావణంలో ఉడికించి, కోరి తెచ్చినవి. మన బిదరీ పనిలో నలుపు ఎంత ముఖ్యమో ఇక్కడా అంతే. చింతపండు, నిమ్మరసం, బ్రాసో ఏది తగిలినా ఆ పొర పోతుంది. ఈ కళలో పేరు పొందిన కానో నత్సువో జపాన్ నాణేలకు నమూనాలు కూడా చెక్కి, 1876 తరువాత కూడా పనిచేశాడంటే ఆ చేతి విలువ అర్థమవుతుంది. ఈ భాగాలను పొడి నూలు గుడ్డతో తుడవడం తప్ప ఇంకేమీ చేయవద్దు.

అలుగును వేళ్లతో తాకరాదు. చెమటలోని ఉప్పుకు తుప్పు త్వరగా పడుతుంది. పాత నూనెను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తని కాగితంతో, వీపు వైపు నుంచి పట్టుకుని, మొదలు నుంచి మొన వైపుకే తుడవాలి. జపాన్‌లో లవంగనూనె కలిపిన చోజి నూనె వాడతారు. అది దొరకకపోతే స్వచ్ఛమైన కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు చాలు. కొబ్బరినూనె, ఆముదం కొన్నాళ్లకు జిగటగా మారతాయి కాబట్టి వాడకూడదు. మచ్చలున్నాయని సానపట్టేవాళ్లకు ఇవ్వడం మరీ పొరపాటు, ఎందుకంటే యంత్రపు సాన వేడికి వాదర గట్టిదనమే చెడిపోతుంది.

భద్రపరిచే చోటు విషయంలో మన ఎండలే పరీక్ష. మే నెలలో 44 డిగ్రీలు దాటే వేడిలో ఒర చెక్క బిగుసుకుని, పైని ఉరుషి అనే చెట్టుజిగురు పూత పగులుతుంది. వానకాలపు తేమకు అలుగు తుప్పు పడుతుంది. రేకుల గదిలోని ఇనుప పెట్టె కన్నా, ఇంటి లోపలి గదిలో చెక్క బీరువా మేలు. నూలు గుడ్డలో చుట్టి, వాదర పైకి ఉండేలా పడుకోబెట్టి, వానలకు ముందూ తరువాతా తీసి నూనె చూసుకోవాలి.

వందేళ్లు దాటిన చారిత్రక వస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. అలాంటి కత్తిని వ్యక్తులు సొంతంగా దేశం దాటించరాదు. 1959 ఆయుధాల చట్టం కింద కత్తులు కూడా వస్తాయి గనుక స్థానిక పోలీస్ స్టేషన్‌లో ముందే అడిగి, ఆ ప్రాంతపు నిబంధన తెలుసుకోవాలి. అసలైన జపాన్ కత్తులను కళ్లారా చూసి పోల్చుకోవాలనుకునేవారు హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని జపాన్ విభాగానికి వెళ్లవచ్చు.