చామనఛాయకు, చిలకపచ్చ చీరకు నప్పిన కంటి రంగులు

చామనఛాయ ఉన్న నా కనురెప్పలపై లేత రంగు ఐషాడో ఏది వేసినా బూడిద పూసినట్లు కనిపించేది. అటువంటి రంగుల్లో తెలుపు కోసం కలిపే టైటానియం డయాక్సైడ్ వంటి పొడి, రెప్పల సహజమైన ముదురు ఛాయపై పలుచగా పరచుకోవడమే దీనికి కారణమని తెలిశాక, ముందుగా ఆ ముదురుతనాన్ని కప్పే నారింజ ఛాయ క్రీమ్, అంటే కరెక్టర్‌ను వేలికొనతో అతి పలుచగా అద్ది, అది ఆరిన తరువాతే రంగు వేయడం మొదలుపెట్టాను. ఆ బూడిదతనం అప్పటి నుంచి కనబడలేదు.

ఇక చెల్లెలి పెళ్ళికి కట్టుకున్న చిలకపచ్చ గద్వాల చీర సంగతి. చీర రంగునే కంటికీ వేయమని చాలామంది సలహా ఇస్తారు. అలా చేస్తే ముఖం కన్నా రెప్పలే ముందు కనబడతాయని నా అభిప్రాయం. అందుకే పచ్చను వదిలి, జరీలోని పాత బంగారు రంగును రెప్ప మధ్యలోను, మెరూన్ అంచుకు దగ్గరగా ఉండే రాగి రంగును రెప్ప మడతలోను వేసి, కాటుకకు బదులు ముదురు గోధుమరంగు పెన్సిల్‌తో గీత దిద్దుకున్నాను. మెరుపు పొడిని బ్రష్‌తో రుద్దితే బుగ్గలపై రాలుతుంది కనుక తడి వేలితో అద్దడం మేలు.

పసుపు దీపాల వెలుగులో రాగి రంగు మరింత ఎర్రబడుతుంది కాబట్టి, కిటికీ దగ్గర పగటి వెలుతురులోను, బల్బు కిందను అద్దంలో చూసుకుని, ఎరుపు ఎక్కువైన చోట గోధుమరంగుతో తగ్గించాను.