ఫ్రీ ఈబుక్ పెడుతున్నారా? పీడీఎఫ్ ఒక్కటే పెట్టి వదిలేయకండి

మన దగ్గర ఫ్రీ ఈబుక్ అంటే చాలామంది ప్రెస్సుకి పంపిన పీడీఎఫ్‌నే తెచ్చి వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. అది కాగితం సైజుకి కట్టిన పేజీ అండీ, ఫోన్లో తెరిస్తే అక్షరాలు చీమల్లా ఉంటాయి, జూమ్ చేస్తే సగం లైను స్క్రీన్ దాటిపోతుంది, ప్రతి లైనుకీ అటూ ఇటూ జరుపుకుంటూ నవల మొత్తం ఎవరు చదువుతారు చెప్పండి.

అందుకే ముందు ఈపబ్ (ఈబుక్కుల కోసమే ఉన్న ఫైల్ రకం) చెయ్యండి. ఇందులో పేజీ అంటూ ఫిక్స్‌గా ఉండదు, అక్షరాలు పెద్దవి చేస్తే లైన్లు వాటంతటవే సర్దుకుంటాయి, సైజు కూడా బొమ్మలు లేకపోతే కేబీల్లోనే ఉంటుంది, స్కాన్ పీడీఎఫ్‌లా పదుల ఎంబీలు తినదు. ఐఫోన్లో యాపిల్ బుక్స్, ఆండ్రాయిడ్‌లో ప్లే బుక్స్, రీడ్ఎరా లాంటివి చాలు. కిండిల్ (అమెజాన్ ఈబుక్ రీడర్) ఉన్నవాళ్ల కోసం దాని పాత ఫార్మాట్ మోబీ విడిగా చెయ్యక్కర్లేదు, ఫైళ్లని కిండిల్‌కి పంపే అమెజాన్ సర్వీసు సెండ్ టు కిండిల్ 2022 నుంచి ఈపబ్‌నే తీసుకుంటోంది.

అసలు తలనొప్పి ఫార్మాట్ కన్నా ముందే మొదలవుతుంది. పేజ్‌మేకర్‌లో (ప్రెస్సుల్లో పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్) అను ఫాంట్లతో కొట్టిన పుస్తకం అయితే లోపల ఉన్నది తెలుగు కాదు, తెలుగులా కనిపించే ఇంగ్లీషు గుర్తులు! దాన్ని ఎందులోకి మార్చినా చెత్తే వస్తుంది. కాబట్టి ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి (ఏ ఫోన్లోనైనా తెలుగుని తెలుగుగానే గుర్తించే పద్ధతి) మార్చుకోండి, తర్వాత ఒక మనిషి కూర్చుని ప్రూఫ్ చూడాల్సిందే, ముఖ్యంగా ఒత్తులు. అనుమానం ఉంటే ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చెయ్యండి, తెలుగే వస్తే యూనికోడ్ అన్నట్టు. ఈ పరీక్ష వర్డ్ ఫైల్ మీదే చెయ్యండి, ఎందుకంటే పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే యూనికోడ్ పుస్తకంలో కూడా ఒక్కోసారి ఒత్తులు తారుమారవుతాయి.

యూనికోడ్ చేతికొచ్చాక మిగతాది తేలిక. లిబ్రే ఆఫీస్‌లో (వర్డ్ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్) తెరిచి ప్రతి కథ పేరుకీ హెడింగ్ 1 పెట్టండి (ఊరికే బోల్డ్ చేసి వదిలేస్తే విషయసూచిక రాదు), ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ యాజ్‌కి వెళ్లి ఈపబ్ ఎంచుకోండి. తర్వాత కాలిబర్ అనే ఫ్రీ ఈబుక్ సాఫ్ట్‌వేర్‌లో పేరు, రచయిత, కవర్ సరిచేసి భాష దగ్గర తెలుగు పెట్టండి. ఇది చాలామంది వదిలేస్తారు కానీ చూపులేనివాళ్లు వినే యాప్‌కి ఏ గొంతుతో చదవాలో తెలిసేది దాన్నిబట్టే. ఫాంట్ లోపల పెట్టాలనుకుంటే మండలి, నోటో సెరిఫ్ తెలుగు లాంటి ఓపెన్ లైసెన్స్‌వి వాడండి, పెట్టకపోయినా కొంపలేం మునగవు.

పీడీఎఫ్ అసలు వద్దనట్లేదు. పద్యాలు, బొమ్మల కథలు, పాత పుస్తకాల స్కాన్‌లకి అదే నయం, పద్యపాదం ఎక్కడపడితే అక్కడ విరిగితే చూడలేం. కానీ ఏ4 కాకుండా ఏ6 పేజీ పెట్టి మార్జిన్లు తగ్గించి 12 లేదా 14 పాయింట్ల అక్షరంతో ఫోన్ కోసం వేరే కాపీ చెయ్యండి. స్కాన్ నుంచి ఆటోమేటిగ్గా పుట్టిన ఈపబ్‌ని మాత్రం చూడకుండా జనం మీదకి వదలకండి, ఆ తెలుగు చదివితే ఏడుపొస్తుంది.

పెట్టేముందు ఈపబ్‌ని ఏదైనా చవక ఫోన్లో నైట్ మోడ్‌లో ఒకసారి తెరవండి. అక్షరాలకి నలుపు రంగు మీరే గట్టిగా పెట్టేసి ఉంటే కొన్ని యాప్‌లలో నల్ల స్క్రీన్ మీద ఏమీ కనపడదు, ఆ రంగు తీసేసి ఆటోమేటిక్‌లో ఉంచి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చెయ్యండి.