కెమెరా నేర్చుకుందాం – 7వ పాఠం: లెన్సు కొనే ముందు గది కొలవండి

పోయిన పాఠం చివర ఒక పని చెప్పాను. వారం రోజులు కిట్ లెన్సుతోనే (కెమెరాతో పాటు వచ్చే జూమ్ లెన్సు) తీయండి, ప్రతి ఫొటో ఎన్ని ఎంఎం దగ్గర (ఈ అంకె పెరిగేకొద్దీ ఫ్రేములో పట్టే చోటు తగ్గుతుంది) తీశారో వివరాల్లో చూసి రాసుకోండి, కొత్త లెన్సు సంగతి ఆ తర్వాత అన్నాను. మీ ఉత్తరాలు చూస్తే చాలామంది ఆ పని వదిలేసి నేరుగా 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు కొనేసినట్టున్నారు. (ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత పెద్దగా తెరుచుకుంటుంది.) వెనకంతా భలే మసకగా వస్తోంది కానీ ఇంట్లో నలుగురు పట్టడం లేదని ఒకరు రాశారు. పాప అన్నప్రాసన రోజు వీపు గోడకు ఆనించి నిలబడ్డా తాతయ్య సగమే పడ్డారని ఇంకొకరు. అందుకే ఇవాళ చెప్పాల్సిన ఫ్లాష్‌ను వాయిదా వేసి ముందు ఇది తేలుస్తాను.

మీలో ఎక్కువమంది చేతిలో ఉన్నది కెనాన్ ఆర్50. దాని సెన్సర్, అంటే లోపల బొమ్మ పడే పలక, వెడల్పు 22.3 ఎంఎం. మీకూ మనిషికీ మధ్య ఉన్న దూరాన్ని 22.3తో గుణించి, లెన్సు ఎంఎంతో భాగించండి. ఫ్రేములో పట్టే వెడల్పు అదే. పదడుగుల దూరంలో 50 లెన్సుకు వచ్చేది నాలుగున్నర అడుగులు. అక్కడే నిలబడి కిట్ లెన్సును 18 దగ్గర పెడితే పన్నెండు అడుగులు దాటుతుంది. నలుగురు భుజం భుజం ఆనించి నిలబడితే దాదాపు ఆరడుగులు కావాలి. వాళ్లను 50లో పట్టించాలంటే మీరు పదమూడున్నర అడుగులు వెనక్కి వెళ్లాలి. సోఫా, టీపాయ్ పోగా మన హాళ్లలో అంత ఖాళీ ఎక్కడుంటుంది?

అలాగని 50 కొన్నవాళ్లు బాధపడక్కర్లేదు. డాబా మీద, గుడి ఆవరణలో, పెళ్లి మండపం ముందు ఒకరిద్దరి ఫొటోలకు దానికి మించింది ఆ ధరలో దొరకదు. 18-45 కిట్ లెన్సు 45 దగ్గర ఎఫ్/6.3కు మించి తెరుచుకోదు. దానితో పోలిస్తే ఎఫ్/1.8లో దాదాపు పన్నెండు రెట్ల వెలుతురు వస్తుంది. అంటే రాత్రి ట్యూబ్‌లైటు కింద ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో ఫొటోను వెలిగించడానికి పెంచే అంకె, పెంచేకొద్దీ ఫొటో గరుకవుతుంది) 6400 అడిగే చోట 500తో పని జరుగుతుంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: ఈ 50లో చేతి వణుకును సర్దే స్టెబిలైజర్ లేదు, ఆర్50 బాడీలోనూ లేదు. షట్టర్ వేగం 1/125 సెకను కంటే కిందికి దించకండి. ఇంట్లో ఫంక్షన్లే మీకు ముఖ్యమైతే నా ఓటు 28 ఎంఎం ఎఫ్/2.8కే. పదడుగుల దూరంలో ఎనిమిది అడుగులు పడుతుంది, బ్యాగులో చోటూ తినదు.

ఇక నాకు ప్రతిసారీ చిరాకు తెప్పించే విషయం. 50 లెన్సుకు 50 సైజు ఫిల్టర్ (లెన్సు ముందు బిగించే అద్దం) కావాలని షాపుకి వెళ్లడం. లెన్సు పేరులోని 50 ఫోకల్ లెంగ్త్. ఫిల్టర్ బిగించేది లెన్సు ముందు అంచున ఉండే మరలోకి, ఆ మర వ్యాసం వేరే అంకె. లెన్సు ముందు అంచు మీద సున్నాకు అడ్డగీత గీసినట్టుండే గుర్తు పక్కన చూడండి, ఈ 50కి అక్కడ ఉండేది 43. కిట్ లెన్సుకు 49. 28 లెన్సుకు 55. అసలు తికమక 55-210 లెన్సుతో వస్తుంది: దాని మర కూడా 55. అది కాకతాళీయంగా కలిసింది, అంతే. ఆ ఒక్కటి సరిపోయేసరికి ఎంఎం ఎంతో ఫిల్టరూ అంతే అనుకుని మిగతా లెన్సులకూ అలాగే కొనేస్తున్నారు. ఇప్పుడే లేచి మీ లెన్సు చూసి రాసుకోండి. సైజు తప్పితే ఫిల్టర్ కూర్చోదు, షాపువాళ్లు తిరిగి తీసుకుంటారన్న నమ్మకమూ లేదు.

మూడు లెన్సులకు మూడు ఫిల్టర్లు కొనకండి. పెద్ద సైజుకు, అంటే 55కు, మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ మంచిది ఒకటి తీసుకుని, చిన్న మరకు ఆ పెద్ద ఫిల్టర్ బిగేలా 43 నుంచి 55కు, 49 నుంచి 55కు స్టెప్-అప్ రింగులు కొనండి. రింగు పెట్టేటప్పుడు ముందు ఎడమవైపు మెల్లగా తిప్పండి. మర టక్కున కిందికి దిగినట్టు వేలికి తెలుస్తుంది. అప్పుడు కుడివైపు బిగించండి. వంకరగా ఎక్కిందంటే ఊడదీయడం గగనం. పోలరైజర్‌తో కోనేటి నీటి మీద మెరుపు తగ్గుతుంది, తడి ఆకుల అసలు పచ్చదనం బయటపడుతుంది. ఆకాశం బాగా ముదురు కావాలంటే సూర్యుడు మీ భుజం పక్కన ఉండేలా నిలబడండి. ఇంట్లోకి రాగానే తీసేయండి, అది వెలుతురు తింటుంది.

యూవీ ఫిల్టర్ నేను వాడను. అద్దం కాపాడుకోవడానికి లెన్సు ముందు బిగించే గొట్టంలాంటి హుడ్ చాలు, ఎదురు వెలుతురులో ఫొటో పాలిపోకుండానూ చూస్తుంది. డబ్బాలో రాదు, విడిగా కొనాలి.

మెమరీ కార్డు మీద వీ30 అని, అంటే రాసే వేగం గుర్తు, ఉంటే సరిపోతుంది. పెద్ద అక్షరాల్లో వేసే 170, 200 అంకెలు కార్డు నుంచి కంప్యూటర్‌లోకి లాగే వేగం, కెమెరా రాసే వేగం కాదు. వెనక రెండు వరసల పిన్నులుండే ఖరీదైన కార్డులు ఈ కెమెరాకు దండగ, దీని స్లాటు రెండో వరసను వాడుకోలేదు. ఆ మిగిలిన డబ్బుతో రెండో బ్యాటరీ కొనండి. బ్యాగు, ట్రైపాడ్ మీ ఇష్టం.

ఈసారి పని తప్పించుకోవద్దు. టేపు పట్టుకుని ఇంట్లో ప్రతి గదిలో మీరు నిలబడగలిగే అతి ఎక్కువ దూరం కొలవండి. ఒక్కో గదికి 18, 28, 45, 50 అంకెలతో వెడల్పు లెక్కగట్టండి. తర్వాత కిట్ లెన్సును 18, 28, 45 దగ్గర పెట్టి గోడ ఫొటో తీసి, లెక్క ఎంతవరకు కలిసిందో పక్కన రాయండి. అన్ని గదులూ, వరండాతో సహా. ఆ కాగితం నింపినవాళ్లే లెన్సు ఏది కొనాలని నాకు రాయండి, కాగితం ఫొటో జత చేసి.