ఒళ్లో బొమ్మల పుస్తకం – మూడో పాఠం: అడిగాక ఆగడం

పోయిన పాఠంలో చిన్నపిల్లలతో చూసే బొమ్మల పుస్తకాలు ఎంచుకోవడం దాకా వచ్చాం. విశాఖ ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయానికో, మీ పేటకి దగ్గరున్న శాఖా గ్రంథాలయానికో వెళ్లి రెండు పుస్తకాలు తెచ్చుకునే ఉంటారు. తేకపోతే ముందు ఆ పని చూడండి. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఎలాగూ కడుతున్నాం.

ఈ వారం నేర్చుకునేది ఒక్కటే. ప్రశ్న అడిగాక నోరు మూసుకుని కూర్చోవడం. వినడానికి తేలిక, చెయ్యడం మహా కష్టం.

నా సంగతే చెప్తాను. మా పాపకి అప్పుడు రెండున్నరేళ్లు. చేపల బజారు బొమ్మ ఉన్న పేజీ తీశాం. "ఇదేంటి?" అన్నాను. పాప నోరు తెరిచేలోపే "చేప కదూ?" అని నేనే అనేశాను. "ఏం రంగు? నీలం!" అదీ నేనే. అలా పది పేజీలు పరీక్ష పెట్టి, జవాబులూ నేనే రాసుకున్నాను. పాప ఒళ్లోంచి దిగి వెళ్లిపోయింది.

మర్నాడు అదే పుస్తకం మా అత్తగారు పట్టుకున్నారు. ఆవిడకి చదువు అంతంతమాత్రం, అందుకని అక్షరాల జోలికే పోలేదు. "ఇక్కడేటవుతందే?" అని అడిగి ఊరుకున్నారు. పాప చాలాసేపు చూసి, వేలు పెట్టి "కోనాం" అని చేప పేరే చెప్పింది. ఆదివారాలు తాతతో ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తుంది మరి. "ఔను, పేద్ద కోనాం. ఎవులు కొంతారు?" మళ్లీ ఇద్దరూ మాట్లాడరు. వంటింట్లోంచి వింటున్న నాకే ఊపిరాడలేదు. చివరికి, "తాత. సంచీ లేదు." నిజమే, బొమ్మలో ముసలాయన చేతిలో సంచీ లేదు. నేనది చూడనే లేదు.

"ఇదేంటి" అంటే ఒక్క మాటతో అయిపోతుంది. "ఏం జరుగుతోంది", "ఎందుకలా చూస్తున్నాడు" అంటే పిల్లలు మాటలు వెతుక్కోవాలి, దానికి టైం కావాలి. అడిగాక మనసులో మెల్లగా ఐదు లెక్కపెట్టండి. జవాబు వచ్చాక దానికే ఒకటి రెండు మాటలు చేర్చి తిరిగి చెప్పండి. "కుక్క" అంటే "తడిసిన కుక్క". తప్పు దిద్దొద్దు. "మేకొచ్చాడు" అంటే "ఔను, మేక వచ్చింది" అనండి, చాలు.

అమెరికాలో వైట్‌హర్స్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం మూడేళ్లు నిండని పిల్లల తల్లిదండ్రులకి ఇలాంటి పద్ధతే నేర్పి, 1988లో ఆ అధ్యయనం ప్రచురించింది. మామూలుగా చదివి వినిపించిన పిల్లలకన్నా వీళ్లు నెల తిరిగేసరికి మాటల్లో ముందున్నారు. మా అత్తగారికి చెప్తే "దీనికీ సదువుండాలేటి?" అన్నారు.

గ్రంథాలయం పుస్తకం, చిరిగిపోతుందేమో అని టెన్షన్ పడి మీ చేతిలోనే బిగించి పట్టుకోకండి. పేజీ పిల్లలే తిప్పాలి. పై మూల పట్టుకుని తిప్పడం చూపించండి. మన ఊరి ఉక్కకి చేతులు జిగటగా ఉంటాయి, తుడిచి కూర్చోబెట్టండి. చిరిగితే సెల్లోటేప్ వెయ్యొద్దు. నేను వేశాను, కొన్నాళ్లకి పసుపుపచ్చటి మచ్చ తేలింది. ముక్కని ఆ పేజీలోనే ఉంచి కౌంటర్‌లో చెప్పెయ్యండి.

ఈ వారం అభ్యాసం: రోజుకి ఒక బొమ్మ, ఒక ప్రశ్న. పాపో బాబో అన్న మాటని అన్నట్టుగానే నోట్‌బుక్‌లో రాయండి, తేదీ వేసి. ఐదు దాటినా ఏమీ అనకపోతే మీకు తోచింది ఒకటి అనండి: "ఈ పిల్లి ఎక్కడికో బయల్దేరినట్టుంది." మళ్లీ ఆగండి. అప్పటికీ పలక్కపోతే పేజీ తిప్పెయ్యండి, బతిమాలొద్దు.

ఈలోగా గడువు తేదీ చూసుకుని ఒక పుస్తకమైనా రెన్యూ చేయించుకోండి. "మళ్లీ అదే" అని పదిహేనోసారి తెచ్చి ఒళ్లో పడేసినప్పుడు ఏం చెయ్యాలన్నది నాలుగో పాఠం. దానికి పాత పుస్తకమే కావాలి.